ఢిల్లీ చట్టం, తండా తీర్మానం

డిగ్రీ చివరి ఏడాదిలోనో పీజీలోనో ప్రాజెక్టు రాయాల్సిన విద్యార్థి ముందు తడబడేది శీర్షిక దగ్గర. ‘తెలంగాణలో గ్రామీణాభివృద్ధి పథకాలు – ఒక అధ్యయనం’ లాంటి పేరు పెట్టుకుంటాడు. పేరు బరువుగా ఉంటుంది, గైడు సంతకం పెట్టేస్తారు. గడువు దగ్గరపడేసరికి చేతిలో ఉండేది వెబ్‌సైట్ల నుంచి ఎత్తిరాసిన పేజీలే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులు నడుస్తున్నాయి. స్థానిక విలేకరులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కూడా ఇలాంటి పని చేస్తూనే ఉన్నారు. వీళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. దేశమంతటికీ వర్తించే ఒక విధానాన్ని జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో కూర్చుని పరిశోధించాలంటే దేన్ని ఎంచుకోవాలి?

ముందు విధానం అంటే ఏమిటో చూద్దాం. అది ఒక్క కాగితం కాదు. పార్లమెంటు చట్టం చేస్తుంది. దాని కింద కేంద్ర మంత్రిత్వ శాఖ నియమాలు రాస్తుంది. నియమాలకు మార్గదర్శకాలు, మార్గదర్శకాలకు వివరణలు వస్తాయి. రాష్ట్రం జీవో ఇస్తుంది. కలెక్టరేట్ మెమో పంపుతుంది. చివరికి ఒక దరఖాస్తు మీద ఒక ఉద్యోగి ‘అర్హుడు’ అనో ‘అనర్హుడు’ అనో రాస్తాడు. ఇన్ని మెట్లు దిగేసరికి చట్టంలోని మాట ఎంతో కొంత మారుతుంది. ఎక్కడ మారింది, ఏ కాగితంతో మారింది అన్నదే పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న.

చెరువంతా ఈదినా నీళ్లెన్నో తేలవు. తూము దగ్గర నిలబడితే మాత్రం ఎంత పారుతోందో, ఎవరి పొలానికి పోతోందో కనిపిస్తుంది. కేసు (ఒక విధానం ఒక చోట, ఒక కాలంలో ఎలా నడిచిందో చూపే ఉదంతం) ఎంచుకోవడమంటే తూమును వెతుక్కోవడమే. అక్కడ ఒక నిబంధన ఒక మనిషి విషయంలోనో ఒక ఊరి విషయంలోనో ఏదో ఒకటి తేల్చాలి. ఆ తేల్చడం కాగితం మీద మిగలాలి. పక్కన పోల్చి చూడటానికి మరొకటి దొరకాలి. ఈ మూడూ కుదరకపోతే విషయం ఎంత గొప్పదైనా విద్యార్థి చేతికి చిక్కదు.

ఈ జిల్లాల్లో పని మొదలుపెట్టే వారికి అంకెల దగ్గరే ఒక గుంట ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు ఈ మూడు జిల్లాలు లేవు. ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లాలోది. మహబూబాబాద్‌లో కలిసిన గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి వచ్చాయి. భూపాలపల్లిలో కలిసిన మహదేవపూర్, కాటారం వైపు మండలాలు కరీంనగర్ నుంచి వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగును వేరే జిల్లా చేశారు. 2011 జనగణన పట్టికల్లో ఈ పేర్లతో జిల్లాలు కనిపించవు, మండలాల వారీ అంకెలు తీసుకుని కూడుకోవాలి. తర్వాతి జనగణనకు లెక్కింపు తేదీ 2027 మార్చి 1. అప్పటిదాకా ఇదే తంటా.

దీని పర్యవసానం చిన్నది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) దేశంలోని జిల్లాలను 2017 మార్చి 31 నాటి హద్దులతో తీసుకుంది. అందులోని ‘జయశంకర్ భూపాలపల్లి’లో ఇప్పటి ములుగు కూడా కలిసి ఉంది. నాలుగో విడత (2015–16)లో భూపాలపల్లి అన్న జిల్లాయే లేదు. 2018 జనవరిలో కేంద్రం ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమాన్ని (వెనుకబడిన జిల్లాలను ఆరోగ్యం, చదువు, సాగు వంటి 49 సూచికలతో కొలిచి ర్యాంకులిచ్చే పథకం) మొదలుపెట్టింది. తెలంగాణ నుంచి ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెంతో పాటు భూపాలపల్లిని ఎంపిక చేసింది. ఏడాది తిరిగేసరికి జిల్లా రెండయింది. అడవి మండలాలు చాలావరకు ములుగుకు పోయాయి. ఆ తర్వాత భూపాలపల్లి సూచిక ఏదైనా మెరుగుపడితే పథకం పనిచేసిందా, హద్దు మారిందా? తేల్చడం కష్టం. ర్యాంకుల పట్టిక ఆకర్షణీయంగా ఉంటుంది కాబట్టి చాలామంది దాని వెంట పడతారు. మొదటి పరిశోధన చేసేవారు దాన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

జనగామ సంగతికి వద్దాం. ఇక్కడ భూమి ప్రశ్న పాతది. దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగాడు. చాకలి ఐలమ్మ పాలకుర్తిలో తన పంట కోసం నిలబడింది. ఈ రెండు ఊళ్లూ ఇప్పటి జనగామ జిల్లాలోనే ఉన్నాయి. ఆ తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అన్న హోదా ఇచ్చింది. ఆ కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చే ‘38-ఇ సర్టిఫికెట్’ అన్న మాట ఇప్పటికీ తహసీల్ ఆఫీసుల్లో వినిపిస్తుంది. ఈ నేపథ్యంలో పీఎం కిసాన్ మంచి విషయంగా తోస్తుంది. 2019 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం రైతు కుటుంబానికి ఏడాదికి 6 వేల రూపాయలు మూడు విడతల్లో ఇస్తుంది. ‘రైతు’ అంటే 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో భూమి ఉన్నవాడు. ఆ తర్వాత వారసత్వంగా వచ్చిన భూమికి ఆ తేదీ నుంచి మినహాయింపు ఉంది. కౌలు రైతుకు చోటు లేదు.

నిబంధన స్పష్టంగానే ఉంది. చిక్కు కాగితం దగ్గర వస్తుంది. పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది, సాగు ఎవరు చేస్తున్నారో అందులో రాసేవారు. ధరణి (భూరికార్డుల ఆన్‌లైన్ పోర్టల్) కాలానికి ఆ కాలమ్ పోయింది. పథకం ఎవరిని వదిలేసిందో లెక్కపెట్టాలంటే వదిలేసినవారి జాబితా కావాలి, అది ఏ ఆఫీసులోనూ లేదు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి మీరే తయారు చేసుకోవాలి. కౌలు నోటి మాట మీద నడుస్తుంది కాబట్టి పట్టాదారు ముందు కౌలుదారు నిజం చెప్పడానికి వెనకాడతాడు. ఓపిక ఉన్నవారికి ఇది మంచి కేసు. తొందరలో ఉన్నవారికి పనికిరాదు.

జనగామలోనే దొరికే మరోటి ఉపాధి హామీ. పాత వరంగల్ జిల్లా 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి 200 జిల్లాల జాబితాలో ఉంది. కాగితం పుష్కలం. మస్టర్ రోల్ ఉంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది, చెల్లింపుల వివరాలు ఉంటాయి. చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని (పనులు, కూలి లెక్కలను ఊరివారి ముందే సరిచూడటం) తప్పనిసరి చేసింది. దీన్ని రాష్ట్రమంతటా పద్ధతి ప్రకారం నడిపినవారిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుంది. మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో తనిఖీ నివేదిక బయటికి చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంట్ అక్కడే జవాబు చెప్పుకోవాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. హామీని 100 నుంచి 125 రోజులకు పెంచి, చాలా రాష్ట్రాలకు ఖర్చులో 40 శాతం వాటా పెట్టింది. ‘చట్టమే మారిపోయింది, ఇక దీని మీద ఏం రాస్తాం’ అని విద్యార్థులు అనుకుంటారు. పరిశోధకుడికి ఇది మేలే. 2006లో మొదలై కొత్త చట్టంతో ముగిసే, ఆది, అంతం ఉన్న కాలం దొరికింది. తిరిగి కట్టాలని ప్రజావేదికలో తేల్చిన సొమ్ములో ఎంత వచ్చిందన్న ఒక్క ప్రశ్న పట్టుకున్నా ఒక మండలానికి సరిపోయేంత పని ఉంటుంది.

భూపాలపల్లి అనగానే బొగ్గు. కాకతీయ ఖని పేరుతో సింగరేణి గనులున్నాయి. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇక్కడ వెతకాల్సిన జాతీయ విధానం జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015లో గనుల చట్టాన్ని సవరించి 9బి సెక్షన్ చేర్చారు. గని వల్ల నష్టపోయే ప్రాంతాల కోసం ప్రతి గనుల జిల్లాలో ఒక ట్రస్టు పెట్టాలి. లీజుదారు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద అదనంగా ఈ ట్రస్టుకు కొంత కట్టాలి. పాత లీజైతే రాయల్టీలో 30 శాతం, 2015 జనవరి తర్వాత వేలంలో వచ్చిన లీజైతే 10 శాతం. బొగ్గు రాయల్టీ ధరలో 14 శాతం. అంటే పాత లీజు గని నుంచి 100 రూపాయల బొగ్గు బయటికొస్తే రాయల్టీ 14 రూపాయలు, ట్రస్టుకు 4 రూపాయల 20 పైసలు.

ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా రాసి ఉంది. 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం వంటి ముఖ్య అవసరాలకు పోవాలి. మిగతాది రోడ్లు, వంతెనలు, సాగునీటి పనుల వంటి వాటికి. 2024లో మార్గదర్శకాలను సవరించారు. కాబట్టి ఏ ఏడాది ఖర్చును ఏ నిబంధనతో కొలవాలో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత అడగాల్సినది చిన్న ప్రశ్నే: ఓపెన్‌కాస్ట్ గని పక్కనున్న ఊరికి ఎంత వచ్చింది, గనికి దూరంగా ఉన్న ఊరికి ఎంత పోయింది? మంజూరు ఉత్తర్వులు, పనుల జాబితా కలెక్టరేట్‌లో ఉంటాయి. లెక్కలంటే భయం లేని కామర్స్ విద్యార్థికి ఇంతకంటే మంచి కేసు ఈ మూడు జిల్లాల్లో లేదనుకుంటాను. ఒక్క చిక్కు ఉంది. అన్ని నిర్ణయాలూ ఒకే ఆఫీసులో జరుగుతాయి. అక్కడ ఫైలు చూపించకపోతే మరో దారి లేదు.

ఇప్పుడు మహబూబాబాద్. నన్నడిగితే మొదటి పరిశోధనకు ఎంచుకోవాల్సిన జాతీయ విధానం ఇక్కడే ఉంది. అది 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం. ఊళ్లలో ‘ఆర్వోఎఫ్‌ఆర్ పట్టా’ అంటారు, లేదంటే ఉత్త ‘పోడు పట్టా’ (పోడు అంటే అడవి భూమిలో చేసే సాగు). గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం మండలాల్లో ఈ మాట తెలియని ఇల్లు తక్కువ.

చట్టం ఎందుకు వచ్చిందంటే, అడవిని రిజర్వు చేసిన కాలంలో అందులో బతుకుతున్నవారి హక్కులను తేల్చి రాసుకోలేదు. తరాలుగా సాగు చేస్తున్నవాళ్లు రికార్డులో ఆక్రమణదారులయ్యారు. 2002 మేలో కేంద్ర పర్యావరణ శాఖ ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలకు రాసింది. దేశమంతా ఆందోళనలు లేచాయి. 2006 డిసెంబరులో చట్టం పార్లమెంటులో నెగ్గింది. 2008 జనవరి 1న నియమాలు వచ్చాయి, 2012లో వాటిని సవరించారు.

చట్టం కొత్తగా భూమి పంచదు. 2005 డిసెంబరు 13 నాటికి ఎవరి సాగులో ఉన్నదాన్ని వారిదిగా గుర్తిస్తుంది, అదీ గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ. పట్టా భార్యాభర్తలిద్దరి పేరుమీద ఇవ్వాలి. పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు.

నడిచే దారి ఇలా ఉంటుంది. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. సభ్యుల్లో కనీసం మూడింట రెండొంతుల మంది గిరిజనులు, మూడో వంతు మహిళలు ఉండాలి. సాగుదారు ఫారం-ఏ నింపి ఇస్తాడు. దానికి కనీసం రెండు ఆధారాలు జత చేయాలి. కమిటీ అటవీ శాఖకు కబురు పంపి, భూమి మీదికి వెళ్లి చూస్తుంది. గ్రామసభ తీర్మానం చేస్తుంది. ఫైలు డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి పోతుంది. జిల్లా కమిటీ మాటే చివరిది. మధ్యలో గ్రామసభ సిఫారసును కాదంటే, ఎందుకు కాదన్నారో దరఖాస్తుదారుకు నేరుగా తెలియజేయాలి. అతనికి అప్పీలుకు 60 రోజుల గడువు ఉంటుంది.

ఒక ఫైలు తెరిచి చూస్తే చట్టం అంతా అందులో కనిపిస్తుంది. పైన ఫారం-ఏ. దాని వెనుక కుల ధ్రువీకరణ పత్రం. చేత్తో గీసిన భూమి పటం: ఒక పక్క వాగు, ఒక పక్క పొరుగు రైతు చెలక, మధ్యలో ఇప్పచెట్టు గుర్తు. తర్వాత ఊరి పెద్ద వాంగ్మూలం, కింద వేలిముద్ర. చివర పంచనామా, గ్రామసభ తీర్మానం నకలు. ఆ ముసలాయన చెప్పిన రెండు వాక్యాలు కూడా ఆధారమే. నియమాల్లోని 13వ నియమం ఏవి ఆధారాలో చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, పాత జరిమానా రసీదులు మాత్రమే కాదు; ఇల్లు, గట్టు, బావి, సమాధి లాంటి భూమి మీది ఆనవాళ్లు, పెద్దల వాంగ్మూలం కూడా ఆధారాలే. ఉపగ్రహ చిత్రం మిగతావాటికి తోడుగా రావచ్చు, వాటి స్థానాన్ని ఆక్రమించకూడదని 2012 సవరణ చెప్పింది.

అడవిలో గట్టు, బావి ఉన్నవాడికి ఆధారం చూపడం తేలిక. వానాకాలం ఒక్క పంట జొన్నో కందో వేసి వదిలేసేవాడికి అంత తేలిక కాదు. పాతకాలపు పోడు అసలు తీరే అది. గట్టు లేని సాగుకు గట్టు ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు పెద్దల మాటే దిక్కు. డివిజన్ కమిటీ ఆ మాటను ఎంత లెక్కలోకి తీసుకుందో తిరస్కరణ నోటీసుల్లో కనిపిస్తుంది. ఇదీ మన తూము.

పోలిక కూడా పక్కనే దొరుకుతుంది. ఒకే ఊళ్లో పక్కపక్క చెలకల్లో ఒక లంబాడా రైతు, ఒక బీసీ రైతు ఉన్నారనుకుందాం. తెలంగాణలో లంబాడాలు 1976 నాటి చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. కాబట్టి మొదటి రైతు 2005 డిసెంబరు 13 నాటి సాగు చూపితే చాలు. రెండో రైతు ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసి’ కిందికి వస్తాడు. అతని కుటుంబం ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, తరానికి 25 ఏళ్ల చొప్పున 75 ఏళ్లుగా అడవిలో ఉంటూ దాని మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. 1930 దాకా వెనక్కి వెళ్లాలన్నమాట. అప్పుడు ఇది నిజాం రాజ్యం, రికార్డు ఉర్దూలో. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. 75 ఏళ్లు చూపాల్సింది ఆ ప్రాంతంలో నివాసాన్ని, ఆధారపడటాన్ని. అదే చెలకను 75 ఏళ్లుగా దున్నుతున్నట్టు చూపనక్కర్లేదని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఆ వివరణ మండలం దాకా దిగిందా? దిగి ఉంటే అధికారులు ఏ ఆధారం అడుగుతున్నారు? ఈ ఒక్క ప్రశ్నతోనే ఒక ప్రాజెక్టు పూర్తవుతుంది.

భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఉంటున్న గొత్తికోయల సంగతి ఇంకా బిగువైనది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వా జుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సాయుధ ఉద్యమం) మొదలయ్యాక చాలా కుటుంబాలు గోదావరి ఇవతలికి వచ్చాయి. చట్టంలోని గడువు తేదీ అదే ఏడాది డిసెంబరులో పడింది. పైగా తమ తెగను షెడ్యూల్డు తెగగా ప్రకటించిన ప్రాంతంలోనే గిరిజనుడిగా హక్కు గుర్తింపు ఉంటుంది. ఊరు మారినా బతుకు అడవి మీదే, కానీ చట్టం లెక్కలో చోటు దొరకడం కష్టం. ఇది కొత్తవారు పట్టుకోవాల్సిన కేసు కాదు. భయంతో బతుకుతున్నవారిని ప్రశ్నలడిగే అర్హత ముందు సంపాదించుకోవాలి.

ఈ చట్టాన్ని ఇప్పుడే ఎందుకు ఎంచుకోవాలంటే దానికీ కారణముంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు క్లెయిములు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని ఆదేశించింది. రెండు వారాల్లోనే, ఫిబ్రవరి 28న, ఆ ఆదేశాన్ని నిలిపివేసి, తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. తిరస్కరణ సరిగా జరిగిందా అన్నది అప్పటి నుంచి జాతీయ ప్రశ్న అయింది. తెలంగాణ 2021 నవంబరులో మళ్లీ దరఖాస్తులు తీసుకుంది. 2023 జూన్ 30న పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. రాష్ట్రమంతా కలిపి సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఒకే ఊళ్లో 2008 నాటి ఫైళ్లు, 2021 నాటి ఫైళ్లు రెండూ ఉన్నాయి. మొదటిసారి కాదన్న భూమిని రెండోసారి అవునన్నారా, అయితే ఏ ఆధారంతో అన్నారు? రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

పాత ఫైలు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పెద్ద సంఖ్యలో సొంత పంచాయతీలయ్యాయి. ఇప్పటి తండా పంచాయతీ కార్యదర్శి దగ్గర 2008 తీర్మానం ఉండకపోవచ్చు. అది పాత ఊరి పంచాయతీ రిజిస్టరులో ఉంటుంది. లేదంటే ఏటూరునాగారం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ)లోనో, డివిజన్ ఆఫీసులోనో వెతకాలి.

ఇంతవరకు చెప్పింది వ్యక్తిగత పట్టాల కథ. చట్టంలో మరో సగం ఉంది. దాన్ని చూడాలంటే కాళేశ్వరం వెళ్లి నది అవతలికి చూడాలి. అక్కడ ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకా. అక్కడా తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే జిల్లాలో ఉత్తరాన ధానోరా తాలూకాలో మెండా-లేఖా అనే గోండు గ్రామం ఉంది. 2009లో ఆ ఊరి గ్రామసభకు సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక అటవీ వనరుల హక్కు (అడవిని కాపాడుకునే, దాని ఫలసాయం వాడుకునే హక్కు ఊరి మొత్తానికి రావడం) దక్కింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. తర్వాత ఆ జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకును సొంతంగా టెండర్లు పిలిచి అమ్ముకోవడం మొదలుపెట్టాయి.

ఇవతల భూపాలపల్లిలో తునికాకు ఏమవుతుంది? ఎండాకాలంలో తెల్లవారకముందే ఆడవాళ్లు అడవికి పోతారు. తెచ్చిన ఆకును ఇంటి ముందు కూర్చుని 50 ఆకుల చొప్పున కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. కల్లంలో కట్టలు వరసగా పేర్చి ఎండబెడతారు. కూలి కట్ట లెక్కన. అడవిని యూనిట్లుగా విభజించి ఆకును కాంట్రాక్టరుకు అమ్మేది అటవీ శాఖ. ఖర్చులు పోను మిగిలిన ఆదాయాన్ని బోనసుగా సేకరించినవారికి తర్వాత ఇస్తారు. చట్టంలోని 3వ సెక్షన్ మాత్రం చిన్న అటవీ ఉత్పత్తులను సొంతం చేసుకునే, సేకరించే, అమ్ముకునే హక్కు అడవిలో బతికేవారిదే అంటుంది. ఆ ఉత్పత్తుల జాబితాలో తునికాకు, వెదురు పేరుపెట్టి ఉన్నాయి.

ఒకే చట్టం, ఒకే ఆకు, మధ్యలో నది. ఒక ఒడ్డున అమ్మేది గ్రామసభ, మరో ఒడ్డున అమ్మేది శాఖ. తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మన గ్రామసభలు సామూహిక హక్కు అడగలేదా? అడిగితే ఏ మెట్టు దగ్గర ఆగింది? అడిగే ఫారం వేరే ఉందని అసలు చెప్పారా? వ్యక్తిగత హక్కుకు ఫారం-ఏ, సామూహిక హక్కులకు ఫారం-బీ, ఫారం-సీ. ఒక మండలంలో ఎన్ని గ్రామసభలకు బీ, సీ ఫారాలు ఇచ్చారన్న చిన్న సమాధానంతో పని మొదలవుతుంది. ఆదాయం ఎవరికి ఎక్కువన్నది తర్వాత సంగతి. గ్రామసభ అమ్మిన చోట కూలికి ఎక్కువ మిగులుతుందని ముందే అనుకుని దిగకూడదు. టెండరు పిలిచిన గ్రామసభకు కాంట్రాక్టరు డబ్బు ఎగ్గొట్టే ప్రమాదం ఉంది, శాఖ అమ్మితే కూలి ముందే చేతికి వచ్చే సౌకర్యం ఉండొచ్చు. అందుకే అడవికి వెళ్లే ముందే మీ అంచనా ఏమిటో, ఏది కనిపిస్తే ఆ అంచనా తప్పని ఒప్పుకుంటారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

కాగితాలు తెచ్చుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘మహబూబాబాద్ జిల్లా పోడు పట్టాల పూర్తి వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే నాలుగు అంకెలున్న ఒక కాగితం వస్తుంది. అలా కాకుండా, ఫలానా మండలం, ఫలానా గ్రామసభ, ఫలానా సంవత్సరం. వచ్చిన క్లెయిములెన్ని, డివిజన్ కమిటీ కాదన్నవెన్ని. ఆ కమిటీ సమావేశపు మినిట్స్ నకలు, పేర్లు తీసేసిన తిరస్కరణ నోటీసుల నకళ్లు అని అడగాలి. పేర్లు తీసేయమని మీరే రాయడం వల్ల కాదనడానికి ఒక సాకు తగ్గుతుంది. మీ నివేదికలోనూ ఆ పేర్లు ఉండకూడదు. పట్టా రాని మనిషి పేరు, సర్వే నంబరు అచ్చయితే రేపు అతని చెలక దగ్గరికి ఎవరు వస్తారో మీకు తెలియదు.

ఊళ్లో మాట్లాడేటప్పుడు ముందు అటవీ హక్కుల కమిటీ పాత సభ్యులను కలవాలి. సర్పంచులు మారతారు, బీట్ ఆఫీసరు బదిలీ అవుతాడు. 2008లో భూమి మీదికి వెళ్లి గొలుసు పట్టుకున్నవాళ్లు మాత్రం చాలావరకు ఊళ్లోనే ఉంటారు. ఆ కమిటీలో పేరుకు ఉన్న మహిళలతో వేరుగా మాట్లాడాలి. తమ పేరు కమిటీలో ఉన్నట్టు వారికి తెలుసో లేదో అక్కడ తేలుతుంది. బీట్ ఆఫీసరును వదిలేయడం తప్పు. అడవి తగ్గితే పైనుంచి మాట పడేది అతనికే, అతని వాదనకూ ఫైల్లో చోటుంది.

ఇక మిగిలింది కాలం. తునికాకు సేకరణ ఎండాకాలంలో కొద్ది వారాలే ఉంటుంది, తొలకరి చినుకు పడితే కల్లాలు ఎత్తేస్తారు. జూన్‌లో కాలేజీ తెరిచాక శీర్షిక వెతకడం మొదలుపెడితే ఆ ఏడాది ఆకు అయిపోయినట్టే. పోడు చెలక చూడాలంటే వానలు పడ్డాకే వెళ్లాలి, ఎండాకాలంలో ఏది సాగో ఏది బీడో కొత్త కంటికి తెలియదు. సమాచార హక్కు దరఖాస్తుకు నెల, మొదటి అప్పీలు పెట్టాల్సి వస్తే మరో నెలో నెలన్నరో పడుతుంది. అందుకని ఈ కేసు తీసుకునేవారు ఫిబ్రవరిలోనే ఒక మండలం, రెండు గ్రామసభలు తేల్చుకుని ఐటీడీఏకు దరఖాస్తు పడేయడం మంచిది.